మా పిల్లి కోవాకి ఆరు నెలలు వాడి చూశాక: హెయిర్‌బాల్ పేస్టు, స్టీలు దువ్వెన, ఇంకా కొన్ని

పిల్లి ఒళ్ళు నాక్కుంటూ మింగిన బొచ్చు పొట్టలో ఉండ కడితే దాన్ని హెయిర్‌బాల్ అంటారు. ఆ బొచ్చుని బయటికి పంపడానికి పెట్టే హెయిర్‌బాల్ పేస్టు కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి నా జవాబు ముందే చెప్పేస్తాను. కొనండి. కాకపోతే దానికంటే ముందు ఒక మంచి స్టీలు దువ్వెన కొనండి. ఆరు నెలలుగా రెండూ వాడుతున్నాను. మధ్యలో ఒకసారి పేస్టు ఆగిపోయింది, ఒకసారి దువ్వడం ఆగిపోయింది. అందువల్ల ఏది ఎంత పనిచేస్తుందో నాకు విడివిడిగా తెలిసింది. తేదీలతో సహా రాసి పెట్టుకున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మాది విజయవాడ పటమట. మూడో అంతస్తు ఫ్లాట్. ముందు గది నా కుట్టు గది. బ్లౌజులు, ఫాల్స్, పికో, పెళ్ళిళ్ళ సీజన్‌లో మగ్గం వర్క్ చేయించి కుట్టివ్వడం, ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పని. కోవా మా అమ్మాయి పెంచుకున్న పిల్లి. పొడుగు బొచ్చు పర్షియన్ జాతి, ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, నాలుగేళ్ళ వయసు, బరువు 3 కిలోల 800 గ్రాములు. ఒళ్ళంతా పాలకోవా రంగు, అందుకే ఆ పేరు. అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి హాస్టల్లో చేరడంతో ఉగాది ముందు కోవా నా దగ్గరికి వచ్చేసింది. గడప దాటదు. వరండా గ్రిల్ దగ్గర కూర్చుని కాకుల్ని చూడటమే దాని షికారు.

వచ్చిన వారానికే రాత్రి రెండున్నర మూడు మధ్య గొక్కు గొక్కుమని చప్పుడు. లైటు వేసి చూస్తే మెషిన్ కింద పొట్ట నేలకి ఆనించి, మెడ ముందుకు చాపి, ఒళ్ళంతా ఎగదోస్తోంది. నాకు చెమటలు పట్టేశాయి. రెండు నిమిషాలకి ఏదో కక్కి, మూతి నాక్కుని, ఏమీ జరగనట్టు వెళ్ళి పడుకుంది. అమ్మాయికి ఫోన్ చేస్తే "అమ్మా, అది హెయిర్‌బాల్. మామూలే, టెన్షన్ పడకు" అంది. మామూలే అనుకుని ఊరుకున్నాను. కొలతల పుస్తకం వెనక పేజీలో తేదీ మాత్రం వేసి పెట్టాను. కస్టమర్ల నడుము కొలతలు, చేతి పొడవులు ముందు నుంచి, కోవా వాంతులు వెనక నుంచి. ఏప్రిల్‌లో ఐదు, మేలో ఆరు.

ఆ ఆరింటిలో ఒకటి ఓ పెళ్ళికూతురి కంచి పట్టు బ్లౌజు ముక్క మీద పడింది. కట్ చేసి బల్ల మీద పరిచి, అన్నం తిని వద్దామని వెళ్ళాను. వచ్చేసరికి గంధం రంగు పట్టు మీద గోధుమ రంగు మరక, నడుమ తడిగా ఒక ఉండ. పెళ్ళి ఇంకా నాలుగు రోజులుంది. ఆ అమ్మాయి వాళ్ళ అమ్మగారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పి, వస్త్రలత బట్టల మార్కెట్‌కి పరుగెత్తి నాలుగు షాపులు తిరిగి అదే రంగు, అదే నేత ముక్క తెచ్చి కుట్టిచ్చాను. ఖర్చు నాదే. డబ్బు పోయిందన్న బాధ కంటే, దీని కడుపులో అసలేం జరుగుతోందన్న భయమే ఎక్కువైంది.

ఆ ఉండని పారేయలేదు. న్యూస్‌పేపర్ మీద పెట్టి ఎండనిచ్చి టేపుతో కొలిచాను. పొడవు రెండున్నర అంగుళాలు, లావు నా చిటికెన వేలంత. పేరుకి ఉండ అంటారు గానీ గుండ్రంగా ఉండదు. గొంతు గొట్టంలోంచి నొక్కుకుంటూ వస్తుంది కాబట్టి చిన్న చుట్టలా ఉంటుంది. పిల్లి పాలకోవా రంగైతే ఉండ గోధుమ రంగెందుకు వచ్చిందా అనుకున్నాను. తిండి రంగు, కడుపులో రసాలు పట్టి అలా మారుతుందట. రెండు గుండుసూదులతో మెల్లగా విప్పాను. లోపల వెంట్రుకలు దిండులో గడ్డకట్టిన దూదిలా బిగుసుకుని ఉన్నాయి. సగం విప్పేసరికి మధ్యలో ఎర్రటిదేదో కనిపించింది. సూదితో లాగితే వస్తూనే ఉంది. మెషిన్ దారం. నాలుగు అంగుళాలు. నా గదిలో దారమే.

గుండె గుభేలుమంది. ఆ సాయంత్రమే బుట్టలో పెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. దారాన్ని కూడా కాగితంలో చుట్టి పట్టుకెళ్ళాను.

ఆయన చెప్పిందాంట్లో సగం నాకు అప్పటిదాకా తెలియదు. పిల్లి నాలుక మీద ముళ్ళుంటాయి, అన్నీ గొంతువైపే వంగి ఉంటాయి. నాక్కున్నప్పుడు ఊడిన బొచ్చు వాటికి చిక్కుకుంటే పిల్లి ఉమ్మేయలేదు, మింగాల్సిందే. వెంట్రుక అరగదు. చాలామటుకు పేగుల్లోంచి మలంతో పాటు వెళ్ళిపోతుంది. వెళ్ళనిది పొట్టలో పేరుకుని ఉండవుతుంది, ఒకరోజు పైకి వస్తుంది. అంటే కక్కిన ఉండ ఒక రకంగా నయమే. కక్కలేక, కిందికీ పోలేక పేగులో అడ్డం పడితేనే ప్రమాదం. బొచ్చు పిల్లికి నెలకి ఒకటి రెండు సార్లయితే కంగారు పడక్కర్లేదనీ, నెలకి ఐదారు అంటే మాత్రం చూసుకోవాలనీ అన్నారు.

దారం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. "అమ్మా, వెంట్రుకల కంటే ఇది వంద రెట్లు ప్రమాదం. ఈసారి బయటికి వచ్చింది కాబట్టి బతికిపోయింది" అన్నారు. దారం ఒక కొస నాలుక కిందో పొట్టలోనో చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి జారితే, పేగు ఆ దారం మీద కుచ్చిళ్ళు పడిపోతుందట. నాకు వెంటనే అర్థమైంది. గుడ్డకి పొడుగు కుట్టు వేసి దారం లాగితే ఫ్రిల్ ఎలా వస్తుందో అలాగన్నమాట. ఆ లాగుడికి పేగు కోసుకుపోతుంది కూడా. నోట్లోంచో, వెనక నుంచో దారం కొస కనిపిస్తే ఎట్టి పరిస్థితుల్లోనూ లాగకూడదు, కత్తిరించకూడదు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇది కుట్టు గది ఉన్నవాళ్ళకే కాదు. పూలదండ దారం, సంక్రాంతికి గాలిపటాల మాంజా, స్వీట్ బాక్సు చుట్టూ కట్టే రిబ్బను, అన్నీ అంతే. దేవుడి పటాలకి వేసిన మల్లె దండ వాడిపోయాక తీసి ఓ మూల పడేస్తాం చూడండి, పిల్లికి అది ఆటవస్తువు.

ఇక కొన్నవాటి సంగతి.

మొదట దువ్వెన. పెట్ షాపులో ముందు ఒక బ్రష్ ఇచ్చారు, సన్నటి వంకర తీగలుంటాయి, స్లిక్కర్ అంటారు. దాంతో దువ్వితే పైకి బాగా వచ్చినట్టే కనిపిస్తుంది, బోలెడు బొచ్చు అంటుకుంటుంది. కానీ పర్షియన్‌కి పైన పొడుగు బొచ్చు, అడుగున దూదిలాంటి మెత్తటి బొచ్చు అని రెండు పొరలుంటాయి. ఆ బ్రష్ అడుగు పొర దాకా పోలేదు. చంకల్లో, పొట్ట మీద లోపల్లోపల చిక్కులు కడుతూనే ఉన్నాయి. డాక్టరుగారు చెప్పాక స్టీలు దువ్వెన తెచ్చాను. పొడుగు పళ్ళు, సగం దూరం దూరంగా, సగం దగ్గర దగ్గరగా ఉంటాయి. 280 రూపాయలు. చూడ్డానికి మన పేల దువ్వెన లాంటిదే, పళ్ళే ఇంకా పొడుగు. కొస గుండ్రంగా ఉన్నది చూసి తీసుకోండి. షాపులోనే మోచేతి లోపలివైపు గీసి చూడండి, గీరుకుంటే వద్దు.

సాయంత్రం టీ తాగాక కోవాని ఒళ్ళో వేసుకుంటాను. ముందు దాని కిష్టమైన చోటు, గడ్డం కింద, చెవుల వెనక. తర్వాత వీపు. చివరికి పొట్ట, చంకలు, తొడల వెనక. బొచ్చుని చేత్తో పైకెత్తి పట్టుకుని, అడుగు నుంచి కొంచెం కొంచెంగా వదులుతూ దువ్వాలి. చీర కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ సర్దినట్టు. చిక్కు తగిలితే లాగకూడదు, మొదలు దగ్గర వేలితో పట్టుకుని కొస నుంచి విప్పుకుంటూ రావాలి. అస్సలు విడకపోతే కత్తెరతో మాత్రం కత్తిరించకండి. ఇరవై రెండేళ్ళుగా కత్తెర పట్టుకునే చెయ్యి నాది, నేనే ఆ పని చెయ్యను. పిల్లి చర్మం మరీ పలచన, బొచ్చుతో పాటే లేచి వస్తుంది, ఎక్కడ బొచ్చు అయిపోయి ఎక్కడ చర్మం మొదలవుతుందో తెలియదు. పెంపుడు జంతువుల బొచ్చు కత్తిరించే గ్రూమింగ్ వాళ్ళ చేత మెషిన్‌తో తీయించడం మేలు.

మొత్తం పది నిమిషాలు. మొదటి వారం రెండు నిమిషాలకే దూకి పారిపోయేది. ఆపేసి మర్నాడు మళ్ళీ. మూడో వారానికి టీ గ్లాసు చప్పుడు వినగానే తనే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ఊడిన బొచ్చుని ఒక హార్లిక్స్ సీసాలో వేస్తూ వచ్చాను, ఎంత వస్తుందో చూద్దామని. నొక్కి నొక్కి పెట్టినా తొమ్మిది రోజులకి అరకిలో సీసా నిండిపోయింది. ఆ సీసాడు బొచ్చూ ఇంతకుముందు ఎక్కడికి పోయేది? దాని కడుపులోకే కదా.

మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. అమెరికాలో జార్జియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో పిల్లుల నాలుకల మీద పరిశోధన చేశారట. నాలుక మీది ముళ్ళ కొసలు చిన్న చెంచాలా గుంటపడి ఉంటాయనీ, ఉమ్ముని చర్మం దాకా మోసుకెళ్ళి శుభ్రం చేస్తాయనీ తేల్చారట. సింహం, పులి, మామూలు ఇంటి పిల్లి, అన్నిటి నాలుకా చర్మాన్ని అందుకుంటుంది. పర్షియన్‌కి మాత్రం బొచ్చు ఎంత దట్టమంటే, దాని నాలుక దాని చర్మాన్నే అందుకోలేదు. అది విన్న రోజు కోవాని చూస్తే పాపం అనిపించింది. రోజంతా నాక్కుంటూనే ఉంటుంది, అయినా పని పూర్తికాదు. మిగతా పని మనమే చెయ్యాలి.

ఇప్పుడు పేస్టు. పిల్లల టూత్‌పేస్టు అంత ట్యూబు, 50 గ్రాములు, నాకు 450 నుంచి 500 మధ్య పడింది. ఆరు నెలల్లో మూడు వేరు వేరు కంపెనీలవి వాడాను. ముదురు బెల్లం పాకం రంగు, జిగురుగా ఉంటుంది, మాల్టు వాసన. కంపెనీ పేరు కంటే వెనక రాసింది చదువుకోవడం ముఖ్యం. కొన్నిట్లో మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, వంటనూనెల్లాంటి నూనెలు, పీచు ఉంటాయి. కొన్నిట్లో పెట్రోలియం జెల్లీ లేదా పారాఫిన్ ఉంటుంది. రెండో రకం ఒంటికి పట్టదు, అరగకుండా అలాగే జారిపోతూ వెంట్రుకల్ని కూడా తీసుకుపోతుంది. అప్పుడప్పుడూ అయితే ఫర్వాలేదు గానీ రోజూ నెలల తరబడి ఇస్తే కొవ్వులో కరిగే విటమిన్లు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుందని డాక్టరుగారు చెప్పారు. అందుకే నేను మాల్టు, పీచు ఉన్నదే కొంటున్నాను, తిండితో పాటు కాకుండా రెండు పూటల మధ్యలో ఇస్తున్నాను.

ఇచ్చే పద్ధతి తేలిక. ఆయన చెప్పిన లెక్క ప్రకారం అంగుళం పొడవు పేస్టు వేలి మీద పెడితే కోవా నాకేస్తుంది. మొదటి కంపెనీది ముట్టుకోలేదు, ముందు కాలికి రాస్తే శుభ్రం చేసుకునే వంకతో తినేసింది. రెండోది, మూడోది ఇష్టంగా తిన్నది. ఇష్టంగా తింటోంది కదా అని జూన్ మొదటి వారంలో రోజుకి రెండు సార్లు పెట్టాను. మూడో రోజుకి మోషన్స్ పల్చగా పట్టుకున్నాయి. తప్పు నాదే. తగ్గించి వారానికి మూడు రోజులు చేస్తే సర్దుకుంది. మలంలో వెంట్రుకలు కనపడటం మొదలైంది కూడా అప్పుడే. లిట్టర్ (పిల్లి దొడ్డికెళ్ళే ట్రేలో మట్టి) తీసేటప్పుడు జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది, ముక్కకీ ముక్కకీ మధ్య బొచ్చు దారంలా ఉంటుంది. పేస్టు పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

ఇక నా పుస్తకంలో లెక్క. జూన్‌లో దువ్వెన, పేస్టు రెండూ మొదలుపెట్టాక నాలుగు ఉండలు. జూలైలో రెండు, ఆగస్టులో ఒకటి. సెప్టెంబర్‌లో ట్యూబు అయిపోయింది, మళ్ళీ తేవడానికి మూడు వారాలు పట్టింది. దువ్వడం మాత్రం ఆపలేదు. ఆ నెల కూడా ఒకటే. తర్వాత దసరా వచ్చింది. దసరాకి ముందు విజయవాడలో టైలర్ల పరిస్థితి తెలిసిందే, రాత్రి ఒంటిగంట దాకా మెషిన్ మీదే. పన్నెండు రోజులు దువ్వెన ముట్టుకోలేదు. పేస్టు మాత్రం వారానికి మూడు సార్లు తప్పకుండా పెట్టాను. ఆ నెలలో నాలుగు ఉండలు, పైగా కుడి చంకలో ఉసిరికాయంత చిక్కు. అందుకే మొదటే దువ్వెన అన్నాను. పేస్టు కడుపులోకి పోయినదాన్ని బయటికి పంపుతుంది. దువ్వెన అసలు పోకుండానే ఆపుతుంది.

పేస్టు ఎందుకు, ఇంట్లో నెయ్యి లేదా అని మా వదిన అడిగింది. ఇంకొకరు కొబ్బరి నూనె అన్నారు. నేనూ డాక్టరుగారిని అదే అడిగాను. నెయ్యి, కొబ్బరి నూనె అరిగి ఒంటికి పట్టేస్తాయి, పేగుల్లో జిడ్డుగా మిగిలేది తక్కువ. ఎక్కువ పెడితే విరేచనాలు పడతాయి, బరువు పెరుగుతుంది. ఆముదం అయితే వద్దే వద్దు. మెడికల్ షాపులో దొరికే పారాఫిన్ ద్రవం సిరంజితో నోట్లో పోయడం మరీ ప్రమాదం. దానికి రుచీ వాసనా ఉండవు, పిల్లికి గొంతులో పడినట్టు తెలియక ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మనుషులకి వాడే మందులు ఏవీ సొంతంగా ఇవ్వొద్దని గట్టిగా చెప్పారు. పారాసిటమాల్ ఒక్క బిళ్ళ చాలట పిల్లి ప్రాణం తీయడానికి.

పాల సంగతీ అంతే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని సామెతే ఉంది మనకి, అందుకని పాలు దాని సహజమైన తిండి అనుకుంటాం. పై అంతస్తు పిన్నిగారు ప్రేమతో రోజూ చిన్న గిన్నెలో పాలు తెచ్చిపెట్టేవారు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలలో ఉండే చక్కెర అరగదు. కోవాకి అరగలేదు. పాలు ఆపిన నాలుగు రోజులకి మలం గట్టిపడింది. పిన్నిగారికి నచ్చజెప్పడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది. ఇప్పుడు ఆవిడ ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్ రెండు తునకలు తెస్తున్నారు, కోవా ఆవిడ అడుగుల చప్పుడుకే తలుపు దగ్గరికి వెళ్తుంది. కూరలోది మాత్రం వద్దని చెప్పాను. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి.

హెయిర్‌బాల్ డ్రై ఫుడ్ (గింజల్లా ఉండే ఎండు తిండి) అని ప్రత్యేకంగా అమ్ముతారు, పీచు ఎక్కువ వేసి. జూలైలో మొదలుపెట్టాను. రెండు కిలోల బ్యాగు మామూలు దానికంటే మూడు నాలుగు వందలు ఎక్కువ. పాత తిండి అయిపోయిందని ఒక్క రోజులో మార్చేశాను, మర్నాటికే పొట్ట పాడైంది. తిండి మార్చేటప్పుడు వారం పది రోజులు పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. ఈ తిండి వల్ల మలం ఎక్కువ వస్తుంది, దాంతో వెంట్రుకలూ పోతాయి. ఉండలు నాలుగు నుంచి రెండుకి తగ్గిన నెల అదే కాబట్టి కొంత సాయం చేసిందనే అనుకుంటున్నాను. కానీ ఒట్టి డ్రై ఫుడ్ మీద పిల్లిని పెంచడం, అదీ బెజవాడ ఎండల్లో, నాకు ఇష్టం లేదు. డ్రై ఫుడ్‌లో నీరు పదో వంతు కూడా ఉండదేమో. వెట్ ఫుడ్ (తడి తిండి) పౌచ్‌లో ముప్పావు వంతు పైగా నీరే. పిల్లికి దాహం తక్కువ, తనంతట తాను గిన్నె దగ్గరికి వెళ్ళి తాగేది కొంచెమే. అందుకే ఉదయం డ్రై ఫుడ్, సాయంత్రం పౌచ్‌లో రెండు చెంచాల నీళ్ళు కలిపి పెడుతున్నాను. మలబద్ధకం పోయింది. నీళ్ళు వెడల్పాటి స్టీలు పళ్ళెంలో, తిండికి దూరంగా, రెండు చోట్ల పెడతాను. లోతు గిన్నెలో మీసాలు అంచులకి తగులుతున్నాయని కాబోలు, సరిగ్గా తాగేది కాదు.

ఆగస్టులో ఒక గందరగోళం జరిగింది. ఒకే వారంలో మూడు సార్లు కక్కింది. మళ్ళీ మొదటికి వచ్చిందని పేస్టు పెంచబోయాను. కానీ ఈసారి కక్కినదాంట్లో వెంట్రుక ఒక్కటీ లేదు. నానిన డ్రై ఫుడ్ గింజలు, గింజలుగానే, చుట్టలా వచ్చాయి. ఆకారం చూసి హెయిర్‌బాల్ అనుకున్నాను. ఫోన్లో ఫోటోలు తీసి డాక్టరుగారికి చూపిస్తే, తిన్న ఎంతసేపటికి వస్తోందని అడిగారు. ఐదు పది నిమిషాల్లోనే. "ఆబగా తింటోందమ్మా, నమలకుండా మింగేస్తోంది" అన్నారు. మలం పరీక్ష చేయించారు, నులిపురుగులేమీ లేవు. పిల్లి కక్కిందల్లా హెయిర్‌బాల్ కాదని, పేస్టు పెట్టేముందు కక్కినదాన్ని చూడాలని అప్పుడు తెలిసింది. మెల్లగా తినే గిన్నెలని షాపులో 600 దాకా చెప్పారు. నేను ఇంట్లో పాత ఇడ్లీ ప్లేటు తీసి, ఒక్కో గుంటలో పది గింజలు వేసి పెట్టాను. ఒక్కొక్క గుంట వెతుక్కుంటూ తింటోంది. ఆ రకం వాంతి మళ్ళీ కాలేదు.

గోధుమ గడ్డి గురించి రెండు మాటలు. గోధుమలు ఒక రాత్రి నానబెట్టి, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో మట్టి వేసి చల్లితే ఎనిమిది రోజుల్లో జానెడు పెరుగుతుంది. ఖర్చు లేదు. కోవా నమిలి కొంత మింగుతుంది, ఒక్కోసారి గడ్డితో పాటు కొంచెం బొచ్చు కక్కుతుంది. హెయిర్‌బాల్స్ దీనివల్ల తగ్గాయని చెప్పలేను. దానికి ఇష్టం, అందుకే వేస్తున్నాను. కుండీల్లో లిల్లీ మొక్కలుంటే మాత్రం తీసేయండి, అసలైన లిల్లీల ఆకు కొరికినా పిల్లి కిడ్నీలు పోతాయి. తీపి గుమ్మడికాయ ఉడకబెట్టి అరచెంచా పెట్టమంటారు, కోవా మూతి తిప్పేసింది. ఇసబ్‌గోల్ కూడా పీచే, డాక్టరుగారు కొలత చెబితే వాడొచ్చు. మాకు ఆ అవసరం రాలేదు.

ఇవన్నీ ఇంట్లో చేసుకునేవి. కానీ ఒక రోజంతా తిండి ముట్టకపోతే, ఎగదోస్తున్నా ఏమీ రాకపోతే, పొట్ట బిగుసుకుని ముట్టుకోనివ్వకపోతే, మలం రెండు రోజులుగా రాకపోతే ట్యూబు పట్టుకుని కూర్చోకండి. అడ్డం పడిందేమో ఎక్స్‌రే, స్కాన్ చూస్తేనే తెలుస్తుంది. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, అదీ లావుగా ఉన్నదైతే, కాలేయం దెబ్బతింటుంది. ఇంకొకటి, మెడ చాపి దగ్గుతూ ఎంతసేపటికీ ఏమీ కక్కకపోవడం ఆస్తమా కూడా కావచ్చు. అలాంటప్పుడు వీడియో తీసి చూపించండి. ఆసుపత్రికి వెళ్ళేసరికి పిల్లి మామూలుగా అయిపోతుంది, మనం నోటితో చెప్పేదానికంటే ఆ వీడియోనే వాళ్ళకి పనికొస్తుంది.

దువ్వెన పాడయ్యే వస్తువు కాదు, ఒకసారి కొంటే చాలు. పేస్టు చిన్న ట్యూబే తీసుకోండి, వారానికి మూడు సార్లయితే నెలన్నర పైనే వస్తుంది, పిల్లికి నచ్చకపోయినా నష్టం తక్కువ. డ్రై ఫుడ్ బ్యాగు అయిపోయాక మళ్ళీ అదే తేవాలా అన్నది ఇంకా నిర్ణయించుకోలేదు. నవంబర్‌లో ఇప్పటికి ఒక్కటే ఉండ, ఒకటిన్నర అంగుళం. విప్పి చూశాను. ఒట్టి వెంట్రుకలే. రీళ్ళు, బాబిన్లు, కత్తిరించిన దారపు ముక్కలు అన్నీ ఇప్పుడు మూత బిగించే స్టీలు డబ్బాల్లో ఉన్నాయి. రాత్రి మెషిన్ ఆపాక టార్చి వేసి బల్ల కింద ఒకసారి ఊడ్చాకే లైటు తీస్తున్నాను.